వీధి గుమ్మం, దొడ్డి గుమ్మం

అమెరికాలో రెండు డేటింగ్ సైట్లు గే, లెస్బియన్ మనుషులను లోపలికి రానివ్వకుండా ఏళ్ల తరబడి భీష్మించుకుని కూర్చున్నాయి. ఒకటి ఈహార్మనీ. రెండోది క్రిస్టియన్ మింగిల్. చట్టం మెడ మీదికి వచ్చాకే రెండూ దిగివచ్చాయి. దిగివచ్చిన తీరు మాత్రం ఒకటి కాదు. ఈహార్మనీ వాళ్లకోసం విడిగా ఒక సైటు కట్టించి అటు వెళ్లమంది. క్రిస్టియన్ మింగిల్ తన మొదటి పేజీలో అడిగే ప్రశ్ననే మార్చుకోవాల్సి వచ్చింది. ఒకరు వీధి గుమ్మం తెరిచారు, ఇంకొకరు దొడ్డి గుమ్మం పెట్టించారు. మనసులో ఇష్టం లేకుండా రానిచ్చే చోటికి గే మనిషి వెళ్లాలా, అక్కడ తన డబ్బు పొయ్యాలా అని ఎవరైనా అడిగితే, ముందు ఏ గుమ్మం గురించి అడుగుతున్నారో చెప్పమంటాను.

ఈహార్మనీ 2000లో కాలిఫోర్నియాలోని పసాడెనాలో మొదలైంది. పెట్టినాయన నీల్ క్లార్క్ వారెన్, క్లినికల్ సైకాలజిస్టు, ఇవాంజెలికల్ క్రైస్తవుడు. ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ అనే మతసంస్థను నడిపిన జేమ్స్ డాబ్సన్ రేడియో కార్యక్రమంలో ఆయన మాట్లాడాక సైటుకు జనం పోటెత్తారు. మిగతా సైట్లలో మనమే ఫొటోలు తిరగేసి ఎంచుకుంటాం. ఇక్కడ అలా కుదిరేది కాదు. వందల ప్రశ్నలకు జవాబులు రాసి కూర్చుంటే, 29 రకాల పొంతనలు లెక్కగట్టి, నీకు తగినవారు వీరని కంపెనీయే చూపించేది. మన ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్య చేసే పనిని కంప్యూటర్ చేతిలో పెట్టారన్నమాట. సరదా కబుర్లకు కాదు, పెళ్లికి అన్నది దాని పేరు. ఆ పేరు చూసే ఒంటరితనంతో విసిగిపోయినవాళ్లు, నిలకడైన తోడు కోరుకునేవాళ్లు అక్కడికి వెళ్లారు. మగవాడు మగవాడిని కోరుకునే వీలు మాత్రం ఆ ఫారంలో లేదు.

2005లో న్యూజెర్సీలో ఒక గే వ్యక్తి ఆ రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేశాడు. మూడేళ్లు సాగి 2008 నవంబరులో అది రాజీతో ముగిసింది. కంపెనీ రాష్ట్రానికి 50,000 డాలర్లు, ఫిర్యాదుదారుకి 5,000 డాలర్లు చెల్లించాలి. 2009 మార్చి 31 లోగా స్వలింగ జంటల కోసం కొత్త సేవ మొదలుపెట్టాలి. ముందుగా చేరే 10,000 మందికి ఆరు నెలలు ఉచితం. ఆ సేవే కంపాటిబుల్ పార్ట్‌నర్స్. పేరు వేరు, చిరునామా వేరు. పైగా, మా పొంతన లెక్కలు పెళ్లయిన ఆడ మగ జంటల మీద చేసిన పరిశోధన నుంచి వచ్చినవి అనే అర్థం వచ్చే హెచ్చరిక ఒకటి ఆ పేజీలోనే ఉండేది.

ఆ హెచ్చరిక దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఈహార్మనీ మొదటినుంచీ తన వాదననంతా దాని మీదే నిలబెట్టింది. మాకు ద్వేషం లేదు, మాకు తెలిసిన శాస్త్రం ఆడ మగ జంటల గురించినది, తెలియని సరుకు అమ్మలేం అన్నది ఆ వాదన సారం. వినడానికి నిజాయితీగానే ఉంది. కానీ 2009లో అదే లెక్కను, అదే ప్రశ్నల జాబితాను స్వలింగ జంటలకు అమ్మారు. ఆ లెక్క వాళ్లకూ పనిచేస్తే అన్నేళ్లు చెప్పిన సాకు సాకే. పనిచేయకపోతే, పనికిరాదని తమకే తెలిసిన సరుకుకు డబ్బు తీసుకున్నట్టు. ఈ రెండిటికీ మధ్య ఇంకో దారి ఒకటే ఉండేది: స్వలింగ జంటల మీద కూడా పరిశోధన చేయించడం. అంత డబ్బున్న సంస్థ అన్నేళ్లలో ఆ పని చేయలేకపోయిందంటే కుదరక కాదు, అక్కర లేక. అసలు ఆ శాస్త్రం మాటెలా ఉన్నా, 2012లో ఈలై ఫింకెల్, ఆయన సహ పరిశోధకులు ఆన్‌లైన్ డేటింగ్ మీద వెలువరించిన పెద్ద సమీక్ష, ఇలాంటి పొంతన లెక్కలు మామూలు పరిచయాలకన్నా మెరుగైన జంటలను కుదురుస్తాయనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. అంటే ఎవరినైతే శాస్త్రం పేరు చెప్పి బయట నిలబెట్టారో, వాళ్లను ఆపడానికి ఆ శాస్త్రానికే అంత బలం లేదు.

విడి సైటులోని లోపం అందరికన్నా ముందు బైసెక్సువల్ మనుషులకు కనబడింది. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ సమ్మతమైన మనిషి ఏ సైటులో చేరాలి? రెండింటిలో చేరితే రెండు చందాలు. ఒక మనసుకు రెండు బిల్లులు. కాలిఫోర్నియాలో 2007లో వేసిన ఇంకో దావా 2010 జనవరిలో రాజీకి వచ్చినప్పుడు ఈ సంగతిని కూడా సరిచేశారు. ఒకే చందాతో రెండు చోట్లా చూసుకోవచ్చన్నారు. స్వలింగ జంటల సైటుకు దారి ఈహార్మనీ మొదటి పేజీలోనే కనబడేలా పెట్టాలన్నారు. అంతవరకూ ఆ దారి అంత తేలిగ్గా కనబడలేదనే కదా అర్థం.

ఇక డబ్బు సంగతి. 2013లో వారెన్ సీఎన్‌బీసీ ఇంటర్వ్యూలో మాట్లాడుతూ, స్వలింగ వివాహాల గొడవ తమ కంపెనీని బాగా దెబ్బతీసిందని చెప్పుకున్నారు. స్వలింగ ప్రేమ అంటే ఏమిటో తేల్చడానికి ఈహార్మనీ కోటి డాలర్లు పెట్టాలని, మిగతా కంపెనీలను కూడా అడగాలని అన్నారు. చాలామందికి అది బాధతో కూడిన బతుకు అన్నది ఆయన అభిప్రాయం. ఆ మాటలు చదివినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. కంపాటిబుల్ పార్ట్‌నర్స్‌లో చందా కట్టి, జవాబులు నింపి, ఎవరైనా మంచివాడు పలకరిస్తాడేమోనని రాత్రిపూట ఫోను చూసుకునే మనిషిని తలుచుకోండి. అతను కట్టిన చందా చేరే కంపెనీకి పెద్దాయన, అతన్నొక పరిశోధించాల్సిన సమస్యగా చూస్తున్నాడు. పెళ్లిచూపులకు పిలిచి, వచ్చినవాడికి రోగం ఏమిటో కనుక్కుందామనడం కాదా ఇది? ఆ ఏళ్లలో నా స్నేహితుడెవరైనా అడిగి ఉంటే అక్కడ చేరవద్దనే చెప్పేవాణ్ణి. ఫిర్యాదు చేసిన ఆ న్యూజెర్సీ మనిషికి మాత్రం చేతులెత్తి నమస్కరిస్తాను. తలుపు తట్టిన పని ఆయనది. తెరిచిన తలుపు దొడ్డివైపు ఉందంటే ఆ తప్పు ఆయనది కాదు.

క్రిస్టియన్ మింగిల్ కథ పైపైన చూస్తే ఇంకా మొండిగా కనిపిస్తుంది. పేరులోనే మతం ఉంది. సభ్యులు వెతికేది దేవుణ్ణి నమ్మిన తోడును. అప్పట్లో సైటు తెరవగానే రెండే దారులుండేవి: నేను పురుషుణ్ణి, స్త్రీ కోసం చూస్తున్నాను, నేను స్త్రీని, పురుషుడి కోసం చూస్తున్నాను. ఈ రెండు వరుసల్లో ఒకటి నొక్కకుండా లోపలికి అడుగు పెట్టలేకపోయేవారు. కాలిఫోర్నియాలో ఇద్దరు గే పురుషులు 2013లో దీని మీద దావా వేశారు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం అన్రూ పౌరహక్కుల చట్టం. 1959 నుంచీ ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసే ఎవరూ వచ్చిన మనిషిని వివక్షతో తిప్పి పంపకూడదని అది చెబుతుంది. 2016లో లాస్ ఏంజెలెస్ న్యాయస్థానం ఒప్పందాన్ని ఆమోదించింది. సైటును నడిపే స్పార్క్ నెట్‌వర్క్స్ ఇకమీదట నువ్వు పురుషుడివా, స్త్రీవా అని మాత్రమే అడగాలి. రెండేళ్లలోగా వెతికే పద్ధతిని కూడా స్వలింగ ప్రేమికులకు అనువుగా సరిదిద్దాలి. దావా వేసిన ఇద్దరికీ చెరో 9,000 డాలర్లు, లాయర్ల ఖర్చుకు 4,50,000 డాలర్లు. తప్పు చేశామని సంస్థ ఒప్పుకోలేదు. ఇదే స్పార్క్ నడిపిన యూదుల సైటు జేడేట్‌లో స్వలింగ జోడీలు అంతకుముందే వెతుక్కోగలిగేవారు. కాబట్టి అక్కడ అడ్డొచ్చింది సాంకేతికత కాదు.

సరే, ఒక్క వరుస మారితే ఏమైంది అనొచ్చు. ఆ సైటులో చేరిన గే పురుషుడికి కనబడేది ఎలాగూ ఇంకో గే పురుషుడే. కంపాటిబుల్ పార్ట్‌నర్స్‌లోనూ అంతే కదా? పనిలో తేడా చాలా తక్కువ, నిజమే. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, కంపెనీ సైటును బాగుచేసిన ప్రతిసారీ ఆ బాగు అందరికీ ఒకేసారి అందుతుంది. విడి సైటును పట్టించుకోకుండా వదిలేయడం, ఓ రోజు సద్దు లేకుండా మూసేయడం చాలా తేలిక.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. "మీరిద్దరూ ఎక్కడ కలిశారు?" అని అమ్మ అడుగుతుంది, చర్చిలో పాస్టర్ అడుగుతాడు. "క్రిస్టియన్ మింగిల్‌లో" అన్న జవాబుకు ఆ ఇంట్లో, ఆ చర్చిలో ఒక బరువుంది. ఆ పేరు వాళ్లకు తెలుసు. వాళ్ల మేనకోడలు కూడా అక్కడే సంబంధం చూసుకుంది. ఆ ఒక్క మాటతో ఆ ఇద్దరు కుర్రాళ్లు ఎక్కడినుంచో ఊడిపడ్డవాళ్లు కాకుండా, అదే నమ్మకంలో పెరిగి అదే దారిలో తోడు వెతుక్కున్నవాళ్లు అవుతారు. విడి సైటు పేరు చెబితే ఆ బరువు రాదు.

అందుకే "వాళ్లకోసం వేరే సైట్లు బోలెడున్నాయి కదా" అన్న వాదన నాకు మింగుడుపడదు. ఉన్నాయి, కాదనను. ఓకేక్యూపిడ్ 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో తన పేజీ తెరిచినవాళ్లకు, మొజిల్లా కొత్త అధిపతి బ్రెండన్ ఐక్ స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా విరాళం ఇచ్చాడు కాబట్టి వేరే బ్రౌజర్ వాడండని చెప్పింది. కొన్ని రోజుల్లోనే ఆయన తప్పుకున్నాడు. అలా బాహాటంగా పక్షం వహించిన సైటు ఉన్నందుకు సంతోషమే. అయితే బైబిలు పక్కన పెట్టుకుని నిద్రపోయే గే పురుషుడికి ఓకేక్యూపిడ్ జాలి చూపగలదు గాని, ఆదివారం తనతో చర్చికి వచ్చే మనిషిని అంత సులువుగా చూపించలేదు. తోడు అంటే లింగం ఒక్కటే కాదు. భాష, నమ్మకం, తిండి, పండగ, ఇంట్లో పెద్దవాళ్లతో మెలిగే తీరు, అన్నీ కలిస్తేనే తోడు. వీటిలో నీకు ఒక్కటే ఇస్తాం, అది కావాలంటే మిగతావన్నీ వదులుకో అనడం న్యాయం కాదు.

మనవాళ్లే నడిపే చోట అంతా భద్రం అన్న నమ్మకమూ పూర్తిగా నిలవదు. 2009లో ఒక గే వ్యాపారి మొదలుపెట్టిన గ్రైండర్, గే పురుషుల కోసమే కట్టిన యాప్. సభ్యులు తమ హెచ్ఐవీ వివరాలను నమ్మకంతో అందులో రాసుకుంటే, ఆ వివరాలు రెండు బయటి కంపెనీలకు వెళ్లాయని 2018లో బయటపడింది. సభ్యుల సమాచారాన్ని వాళ్ల అనుమతి సరిగా లేకుండా ప్రకటనల కంపెనీలకు ఇచ్చినందుకు 2021లో నార్వే అధికారులు దానికి 6.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేశారు. కాబట్టి "మనది", "పరాయిది" అని గీత గీసి, ఇటు వెళ్లు అటు వెళ్లకు అని చెప్పడం నావల్ల కాదు. ప్రతి చోటా అడగాల్సినవి ఉన్నాయి. నన్ను అందరితో పాటే కూర్చోబెడుతున్నారా? నేను కట్టిన డబ్బు నా మీదికే తిరిగి వస్తోందా? నా గుట్టు ఎవరి చేతుల్లో ఉంది?

ఈ ప్రశ్నలతో ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. తెలుగువాళ్లు సంబంధాలకు చూసే మ్యాట్రిమొనీ సైటు తెరవండి. ఎవరికోసం అని అడుగుతుంది: నాకు, అబ్బాయికి, అమ్మాయికి, తమ్ముడికి, చెల్లికి, స్నేహితులకు. తర్వాత కులం, ఉపకులం, గోత్రం, నక్షత్రం, పాదం, కుజదోషం ఉందా లేదా. జీతం ఎంత, అమెరికాలో ఉంటే ఏ వీసా. ఇన్ని గళ్లు పెట్టిన ఫారం, పురుషుడు అని నొక్కగానే ఏమీ అడగకుండా వధువుల ఫొటోలు పరిచేస్తుంది. అడగనవసరం లేదని దానికి గట్టి నమ్మకం. గోత్రాన్ని అడగడం గుర్తున్నవాళ్లకు ఈ ఒక్క ప్రశ్న గుర్తు రాలేదు.

2015లో ముంబయిలో పద్మా అయ్యర్ అనే తల్లి తన కొడుకు, గే హక్కుల కార్యకర్త హరీశ్ అయ్యర్ కోసం వరుడు కావాలని ప్రకటన ఇచ్చారు. కొన్ని పత్రికలు వేయడానికి ఒప్పుకోలేదు. మిడ్-డే వేసింది. కులం పట్టింపు లేదని రాసి, అయ్యర్ అయితే మరీ మంచిదని ఆమె చేర్చిన మాట మీద పెద్ద రభసే జరిగింది. ఆ మాటలో కులం వాసన ఉందన్నవాళ్లతో నేనూ ఏకీభవిస్తాను. అయినా ఆ ప్రకటన నాకు పదేపదే గుర్తొస్తుంది. ఆ తల్లి కొడుకు కోసం కొత్త లోకం ఏదీ వెతకలేదు. అందరి తల్లులూ ఇచ్చే చోటే, అందరి తల్లుల మాటలతోనే, చిన్న అక్షరాల ఆ వరుసలోనే చోటు అడిగింది. ఆమె తట్టింది వీధి గుమ్మం.

భారత్ మ్యాట్రిమొనీ, తెలుగు మ్యాట్రిమొనీలను నడిపే చెన్నై కంపెనీ 2023లో రెయిన్‌బోలవ్ అని ఒక విడి యాప్ తెచ్చింది. క్వీర్ మనుషుల కోసమే. ఏ కోర్టూ చెప్పకుండా తనంతట తాను తెచ్చింది, అందుకు మెచ్చుకోవాలి. ఈహార్మనీలా శాస్త్రం సాకు చెప్పలేదు, ముఖం చిట్లించలేదు. కానీ కట్టింది మాత్రం కంపాటిబుల్ పార్ట్‌నర్స్ నమూనాలోనే. విడి పేరు, విడి యాప్. అమ్మానాన్నలు రోజూ తెరిచి చూసే తెలుగు మ్యాట్రిమొనీలో ఆ అబ్బాయి లేడు. "మ్యాట్రిమొనీలో చూశాం" అనే మాట తెలుగు తల్లిదండ్రులకు చుట్టాల మధ్య చెప్పుకోవడం బాగా అలవాటైన మాట. ఆ మాట తన కొడుకు గురించి చెప్పే వీలు ఆ తల్లికి ఈ ఏర్పాటులో దొరకదు.

దీనికి ఎదురు మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. మన దగ్గర మేనమామ, బాబాయి, పక్కింటి ఆంటీ అందరూ అదే మ్యాట్రిమొనీలో ఎవరికో ఒకరికి సంబంధం వెతుకుతూ ఉంటారు. ఇంట్లో చెప్పని అబ్బాయి ఫొటో వాళ్ల కంటపడితే? గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉంటున్న అమ్మాయి, నలుగురికీ తెలియని చోటే వెతుక్కోవాలనుకుంటే తప్పేముంది? ఏ తప్పూ లేదు. గుట్టు కావాలనుకున్నవాళ్లకు విడి గది ఉండాలి. నకిలీ ప్రొఫైళ్లతో పిలిపించి, దోచుకుని, ఇంట్లో చెబుతామని బెదిరించే ముఠాలున్న చోట ఆ గదికి గట్టి గడియ కూడా ఉండాలి. అయితే ఆ గదిని ఎంచుకోవాల్సింది ఆ అమ్మాయి. నువ్వు అక్కడే ఉండాలని కంపెనీ ముందే తేల్చేస్తే అది గుట్టు కాదు, వెలి. ఇద్దరు సభ్యులూ ఒప్పుకుంటేనే ఒకరికొకరు కనబడేలా పెద్ద సైటులోనే ఒక ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. ఫొటోకు తాళం వేసుకునే వీలు ఈ సైట్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

న్యూజెర్సీ మనిషికి, కాలిఫోర్నియా ఇద్దరికి ఉన్న ఆయుధం మాత్రం మనకు లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకింది. స్వలింగ ప్రేమ నేరం కాదంది. కానీ ఒక ప్రైవేటు కంపెనీ గే మనిషికి సేవ నిరాకరిస్తే నిలదీసే చట్టం రాలేదు. 2019 నాటి చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆ రక్షణ కొంత ఇచ్చింది, గే, లెస్బియన్ మనుషులకు కాదు. కాబట్టి ఇక్కడ పెద్ద సైటు వీధి గుమ్మం తెరవాలంటే సభ్యులు అడగాలి, అడుగుతూనే ఉండాలి. ఆ సైటులో చందా కడుతున్న తల్లిదండ్రులు, అన్నలు, అక్కలు కూడా అడగాలి.

పెళ్లికి చట్టమే లేనప్పుడు పెళ్లి సైటులో చోటెందుకు అని కంపెనీలు అనవచ్చు. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో ఇంటివాళ్ల మధ్య వేడుక చేసుకుని, పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న ఆ కోర్టు పెళ్లి ప్రాథమిక హక్కు కాదంది. నిజమే, చట్టం రాలేదు. కానీ అమెరికా తేదీలు ఒకసారి చూడండి. 2008 నవంబరులో ఈహార్మనీ రాజీకి ఒప్పుకునేనాటికి న్యూజెర్సీలో స్వలింగ వివాహం లేదు, అది వచ్చింది 2013లో. ఈహార్మనీ ఉన్న కాలిఫోర్నియాలో అదే నవంబరు నెలలో జనం ఓటు వేసి, అప్పటికే వచ్చిన ఆ హక్కును తీసేశారు. పెళ్లి చట్టం లేని రోజుల్లోనే తోడు వెతుక్కునే సేవ తెరుచుకుంది. కంపాటిబుల్ పార్ట్‌నర్స్ విడిగా పదేళ్లు నడిచింది. 2018లో కంపెనీ చేతులు మారాక, మరుసటి ఏడాది స్వలింగ జంటలను ఈహార్మనీలోకే తీసుకున్నారు. 2021లో ఇద్దరు ఆడవాళ్ల జంటతో ఆ సైటు టీవీ ప్రకటన చేస్తే, తీసేయమని ఒక తల్లుల సంఘం ఉద్యమం లేవదీసింది. అప్పటికి ఆ జంట ఉన్నది విడి సైటులో కాదు, ఈహార్మనీ ప్రకటనలోనే.